యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్700: శాంపిల్ మెమరీ, కరెంటు రక్షణ కోణంలో సమీక్ష

ఎలక్ట్రానిక్ కీబోర్డుల గురించి రాసేవారు సాధారణంగా అందులో ఎన్ని టోన్లు (వాద్య శబ్దాలు) ఉన్నాయి, ఎన్ని స్టైల్స్ (పాటకు తోడుగా మోగే వాద్య వరుసలు) ఉన్నాయి, మీటల స్పర్శ ఎలా ఉంది అనే విషయాలకే ఎక్కువ చోటు ఇస్తారు. గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో పెళ్లి కచేరీలకు, గుడి ఉత్సవాలకు, చర్చి ఆరాధనలకు వాయించేవారికి వాటన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి వేరే ఉంది. మనం సొంతంగా ఎక్కించుకున్న సన్నాయి, డోలు, డప్పు, వీణ శబ్దాలు కీబోర్డులో ఎక్కడ ఉంటాయి, కరెంటు పోతే ఏమవుతాయి, ఒకవేళ పోతే తిరిగి తెచ్చుకోవడానికి ఎంత శ్రమ పడాలి అన్నదే ఆ సంగతి. గుంటూరులో పిల్లలకు పాఠాలు చెప్పడానికీ, కచేరీలకూ నేను వాడుతున్న యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్700 కీబోర్డును ఈ ఒక్క కోణం నుంచే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

2019లో విడుదలైన ఈ కీబోర్డుకు 61 మీటలు, 7 అంగుళాల టచ్ స్క్రీన్, 400 స్టైల్స్ ఉన్నాయి. మీటల స్పర్శ బాగుంటుంది, స్క్రీన్ పందిరి వెలుతురులో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అంతకుమించి వాటి గురించి ఇక్కడ రాయను. మన విషయానికి ముఖ్యమైనవి రెండు అంకెలు. పాటలు, స్టైల్స్, రిజిస్ట్రేషన్లు (టోను, స్టైల్ వంటి ఎంపికలను ఒకే బటన్‌కు కట్టి దాచుకునే అమరికలు) దాచుకోవడానికి యూజర్ డ్రైవ్ పేరుతో సుమారు 1 జీబీ చోటు ఉంది. దానితో సంబంధం లేకుండా, బయటి నుంచి తెచ్చుకున్న శాంపిల్ టోన్ల (నిజమైన వాద్యాన్ని రికార్డు చేసి మీటలకు కట్టిన శబ్దాల) కోసం ఎక్స్‌పాన్షన్ మెమరీ పేరుతో సుమారు 400 ఎంబీ ఉంది. ఈ రెండూ వేరువేరు అరలని మొదటే గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఒకదానికి చేసిన బ్యాకప్ రెండోదాన్ని కాపాడదు. దీని గురించి కింద వివరంగా రాస్తాను.

400 ఎంబీ అనగానే, ఫోన్లలో వందల జీబీలకు అలవాటు పడినవారికి అది చాలా తక్కువగా తోస్తుంది. లెక్క వేసి చూస్తే అలా అనిపించదు. సీడీ నాణ్యతతో, అంటే సెకనుకు 44,100 నమూనాల చొప్పున 16 బిట్లలో రికార్డు చేసిన మోనో శబ్దం సెకనుకు 88,200 బైట్ల చోటు తీసుకుంటుంది. ఆ లెక్కన 400 ఎంబీలో సుమారు 75 నిమిషాల శబ్దం పడుతుంది. స్టీరియో అయితే అందులో సగం. పాటలు దాచుకోవడానికైతే ఇది చాలదు కానీ, ఒక్కొక్క స్వరాన్ని నాలుగైదు సెకన్ల ముక్కగా తీసి మీటలకు పంచే పనికి ఇది ధారాళమైన చోటే.

ఎంత చోటు అవసరమో సన్నాయి విషయంలో బాగా తెలుస్తుంది. పియానో స్వరాన్ని ఒక మీట నుంచి పక్క మీటలకు సాగదీసినా చెవికి పెద్దగా తేడా తెలియదు. సన్నాయి స్వరంలో గమకం ఉంటుంది. షడ్జమం మీద కంపితంతో పట్టిన శాంపిల్‌ను ఒక స్థాయి పైకి వాయిస్తే కీబోర్డు దాన్ని రెట్టింపు వేగంతో చదువుతుంది కాబట్టి, కంపితం కూడా రెట్టింపు వేగంతో ఊగుతుంది, స్వరం నిడివి సగానికి పడిపోతుంది. విన్నవారికి అది సన్నాయి అనిపించదు, బొమ్మ పీపీ అనిపిస్తుంది. అందువల్ల ప్రతి మూడు స్వరస్థానాలకు ఒక శాంపిల్ చొప్పున తీసి, దాన్ని మధ్య మీటకు కట్టి, అటు ఒక మీట, ఇటు ఒక మీట మాత్రమే సాగేటట్టు పంచాలి. అలా చేస్తే వేగంలో తేడా ఆరు శాతం లోపే ఉంటుంది, చెవి దాన్ని సర్దుకుంటుంది. రెండున్నర స్థాయిలకు ఇలా పది శాంపిల్స్ కావాలి. ఒక్కొక్కటి నాలుగు సెకన్లనుకుంటే మొత్తం మూడున్నర ఎంబీ. మెల్లగా ఊదినది, గట్టిగా ఊదినది అని రెండు పొరలు పెట్టుకుంటే ఏడు ఎంబీ. స్టీరియో అయితే పద్నాలుగు. ఈ లెక్క ముందే వేసుకున్నవారికి 400 ఎంబీ ఎప్పటికీ ఇరుకు కాదు. ఎవరో ఇచ్చిన పెద్ద ప్యాకులను పరిశీలించకుండా ఎక్కించుకునేవారికి మాత్రం తొందరగానే నిండిపోతుంది.

బ్రాడీపేటలో ఒక సన్నాయి విద్వాంసుడి ఇంట్లో ఈ శాంపిల్స్ రికార్డు చేశాం. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ఒక్కొక్క స్వరాన్నీ ఆయన ఊదుతుంటే మైకును సన్నాయి చివర వెడల్పుగా ఉండే గంట మొనకు ఎదురుగా కాక కొంచెం పక్కగా పెట్టాం. మైకు మరీ ఎదురుగా ఉంటే ఊపిరి తగిలిన బరబర శబ్దం ప్రతి మీటలోనూ వినిపిస్తుంది. “స్వరం పట్టగానే ఊగించకండి గురువుగారూ, ఒక్క క్షణం నిలకడగా ఉంచి తరువాత గమకం వేయండి” అని అడిగాను. ఆ నిలకడ భాగం ఉంటేనే కంప్యూటర్లో లూప్ కట్టడానికి వీలవుతుంది. మీటను ఎంతసేపు నొక్కితే అంతసేపు స్వరం మోగాలంటే, శాంపిల్‌లో ఎక్కడో ఒక ముక్క మళ్లీమళ్లీ తిరగాలి. ఆ ముక్క మొదలూ చివరా అతికిన చోటు తెలియకుండా ఉండాలి. ఎస్‌ఎక్స్700 కొన్నవారు శాంపిల్ నాణ్యత గురించి ఫిర్యాదు చేసేముందు ఈ అతుకును ఒకసారి చెవి పెట్టి వినాలని నా మనవి.

ఇక నిలవ సంగతి. శాంపిల్‌ను నిలిపి ఉంచడం కీబోర్డులకు మొదటి నుంచీ కష్టమైన పనే. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 తన 32 టోన్ల వివరాలను ఒక చిన్న మెమరీ చిప్పులో ఉంచి, బోర్డుకు సోల్డర్ చేసిన సీఆర్2032 బటన్ సెల్‌తో ఆ చిప్పును ఏళ్ల తరబడి బతికించేది. ఆ 32 టోన్ల సమాచారం అంతా కలిపి 4 కిలోబైట్లే. అంత కొంచెం సమాచారాన్ని కాపాడటానికి బటన్ సెల్ నుంచి పీల్చే విద్యుత్తు దాదాపు లెక్కలోకి రానంత స్వల్పం. శాంపిల్ సంగతి అలా కాదు. దానికి కావలసిన చోటు వందల రెట్లు, వేల రెట్లు ఎక్కువ. అంత చోటును అప్పట్లో అందుబాటు ధరలో ఇవ్వగలిగింది డైనమిక్ ర్యామ్ ఒక్కటే. ఆ ర్యామ్‌లోని ప్రతి గడినీ సెకనుకు అనేక మార్లు తిరిగి నింపుతూ ఉండకపోతే అందులోని సమాచారం చెరిగిపోతుంది. దాన్ని బటన్ సెల్‌తో నిలపడం సాధ్యం కాదు.

అందుకే 1980ల మధ్యలో వచ్చిన ఎన్సోనిక్ మిరాజ్‌లో ఉన్న 128 కిలోబైట్ల శాంపిల్ మెమరీ, ఇప్పటి సీడీ నాణ్యతతో లెక్కిస్తే ఒకటిన్నర సెకను శబ్దానికి కూడా చాలని మెమరీ, స్విచ్చు ఆపగానే ఖాళీ అయ్యేది. మళ్లీ ఆన్ చేస్తే ఫ్లాపీ డిస్కు పెట్టనిదే ఆ కీబోర్డు పలికేది కాదు. 1999లో వచ్చిన కోర్గ్ ట్రైటన్‌లో 16 ఎంబీ శాంపిల్ ర్యామ్ ఉండేది. దానిదీ అదే కథ. కచేరీకి ముందు ఫ్లాపీ నుంచో, బయటి డ్రైవ్ నుంచో లోడ్ చేసుకుని కూర్చోవాలి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి లోడ్ చేసుకోవాలి. అరనిమిషం కరెంటు పోయినందుకు పాట మధ్యలో కీబోర్డు వాయించేవారు తలవంచుకుని డిస్కు తిరిగేదాకా ఎదురుచూడటం ఆ తరంవారందరికీ తెలిసిన బాధ. 2010లో వచ్చిన యమహా మోటిఫ్ ఎక్స్‌ఎఫ్‌లో ర్యామ్‌తో పాటు, విడిగా కొని అమర్చుకునే ఫ్లాష్ మెమరీ బోర్డుల సదుపాయం వచ్చింది. స్విచ్చు ఆపినా శాంపిల్ నిలిచి ఉండటం అప్పటికి ఖరీదైన వర్క్‌స్టేషన్‌కు ఉన్న గొప్పగా చెప్పుకునేవారు.

ఆ గొప్ప ఎస్‌ఎక్స్700 స్థాయి కీబోర్డులో మామూలు విషయంగా మారిపోవడమే నాకు దీనిలో అన్నిటికంటే నచ్చిన అంశం. ఎక్స్‌పాన్షన్ మెమరీలో ఒకసారి ఎక్కించిన సన్నాయి, ఏ సెల్ అవసరమూ లేకుండా, నెలల తరబడి పెట్టెలో పెట్టి తీసినా అలాగే ఉంటుంది. స్విచ్చు వేసిన తరువాత మొదటి మీట నొక్కగానే అది పలుకుతుంది.

పాత కీబోర్డులు ఇంట్లో ఉన్నవారి కోసం బటన్ సెల్ గురించి ఒక మాట చెప్పాలి. విజయవాడ గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్ వాద్యాలు బాగుచేసే ఒక చిన్న దుకాణానికి నా పాత సింథసైజర్‌ను తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ పని చేసిన తీరు నాకు ఎంతో నచ్చింది. మూత విప్పగానే సెల్ మీద చెయ్యి వేయలేదు. “ముందు లోపల ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి తీసుకుందామండీ, సెల్ తీశాక ఏదీ ఉండదు” అని చెప్పి, మిడి కేబుల్ (వాద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే తీగ) తగిలించి టోన్ల వివరాలన్నీ కంప్యూటర్లోకి పంపించుకున్నారు. తరువాత మల్టీమీటర్ పెట్టి చూస్తే, కొత్తదైతే 3 వోల్టులకు పైన చూపించవలసిన సెల్ 2.4 దగ్గర ఉంది. పాత సెల్ కాళ్లను జాగ్రత్తగా కరిగించి తీసి, అదే చోట సెల్ మార్చుకోవడానికి వీలైన చిన్న హోల్డర్ సోల్డర్ చేసి, ఈసారి నుంచి ఎవరి అవసరమూ లేకుండా మేమే మార్చుకునేటట్టు ఏర్పాటు చేశారు. చివరగా కంప్యూటర్ నుంచి టోన్లను వెనక్కి పంపి, ఒక్కొక్కటీ మోగించి చూపించారు. పాత కీబోర్డుకు ఇంత వరుసగా, ఇంత శ్రద్ధగా పని చేసేవారు దొరకడం అదృష్టమే.

కొన్ని పాత కాసియో కీబోర్డుల మాన్యువల్‌లలో లోపలి లిథియం సెల్ మామూలు ఆయుష్షు అయిదేళ్లని స్పష్టంగా రాసి ఉంటుంది. వేడి ఎక్కువైతే ఏ సెల్ అయినా తనంతట తాను తొందరగా ఖాళీ అవుతుంది. బెజవాడ ఎండాకాలంలో రేకుల గదిలో నిలవ ఉంచే కీబోర్డు విషయంలో ఆ అంకెను పై హద్దుగా భావించడమే మంచిది. సెల్ పూర్తిగా చచ్చిపోయాక వెళితే మెకానిక్ కూడా చేయగలిగింది ఏమీ ఉండదు, కొత్త సెల్ వేసి ఖాళీ మెమరీని చేతికి ఇవ్వడం తప్ప.

ఎస్‌ఎక్స్700కు ఆ బాధ లేదు. దాని స్థానంలో వేరే జాగ్రత్తలు వచ్చాయి. శాంపిల్స్‌ను ఈ కీబోర్డులో నేరుగా తయారు చేయలేం. మైకు గుచ్చుకోవడానికి చోటు ఉన్నప్పటికీ, మైకులో పాడినదాన్ని మీటలకు పంచే సదుపాయం ఇవ్వలేదు. యమహా ఎక్స్‌పాన్షన్ మేనేజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లో పెట్టుకుని, అందులో శాంపిల్స్‌ను టోన్లుగా కట్టుకుని, వాటిని ప్యాకుగా మార్చి పెన్‌డ్రైవ్ ద్వారా ఎక్కించాలి. మొదట కీబోర్డు నుంచి దాని గుర్తింపు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్‌కు చూపించాలి. అప్పుడు ఆ కీబోర్డుకే సరిపోయే ప్యాకు తయారవుతుంది. ఇది తెలియక చాలామంది దుకాణాల్లో టోన్లు లోడ్ చేయించుకుని, ఆ ప్యాకు తాలూకు అసలు ఫైళ్లు తమ దగ్గర ఉంచుకోకుండా వచ్చేస్తున్నారు.

అలా రావడం ఎందుకు ప్రమాదమో ఈ కీబోర్డు మాన్యువల్ హెచ్చరికలోనే ఉంది. కొత్త ప్యాకును ఎక్కించినప్పుడు ఎక్స్‌పాన్షన్ మెమరీలో అంతకుముందు ఉన్నవన్నీ చెరిగిపోతాయి. అంటే సన్నాయి ఉన్న కీబోర్డులో డోలును కలపాలంటే, కంప్యూటర్లో సన్నాయినీ డోలునూ ఒకే ప్యాకుగా కూర్చి మళ్లీ ఎక్కించాలి. మూల ఫైళ్లు లేనివారు డోలు కోసం సన్నాయిని వదులుకోవలసిందే. ఈ ఏర్పాటును నేను సమర్థించలేను. వాయించేవారి దృష్టితో చూస్తే, ఉన్నదాని పక్కన ఇంకొకటి చేర్చుకునే వీలు ఉండాలి. కంప్యూటర్ అలవాటు లేని పెద్దవయసు కళాకారులు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వారికి ఈ పద్ధతి నిజంగా అడ్డంకి అవుతోంది, ప్రతి చిన్న మార్పుకూ ఎవరో ఒకరి మీద ఆధారపడవలసి వస్తోంది.

మొదట చెప్పిన బ్యాకప్ సంగతి ఇప్పుడు చూద్దాం. కీబోర్డులోనే బ్యాకప్ అనే మెనూ ఉంది. అది యూజర్ డ్రైవ్‌లో ఉన్న పాటలు, స్టైల్స్, రిజిస్ట్రేషన్లు, సెట్టింగులను పెన్‌డ్రైవ్‌లోకి ఒకే ఫైలుగా తీసి ఇస్తుంది. ఎక్స్‌పాన్షన్ టోన్లు అందులో రావు. పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఉందన్న ధైర్యంతో కీబోర్డును సర్వీసుకు ఇస్తే, తిరిగి వచ్చిన దానిలో రిజిస్ట్రేషన్లు అన్నీ ఉంటాయి, అవి పిలిచే సన్నాయి మాత్రం ఉండదు. కాబట్టి బ్యాకప్ ఫైలు, ఎక్స్‌పాన్షన్ ప్యాకు, దాని మూల శాంపిల్స్ అనే మూడింటినీ కలిపి ఒకే చోట దాచాలి. నేను పెన్‌డ్రైవ్‌ల మీద తేదీ రాసిన చిన్న కాగితం అంటించి, ఒకటి కీబోర్డు సంచిలోనూ, ఇంకొకటి ఇంట్లోనూ ఉంచుతున్నాను.

మల్టీప్యాడ్‌ల (నొక్కితే చిన్న శబ్దం ముక్కను మోగించే బటన్ల) విషయంలోనూ ఇలాంటి సూక్ష్మం ఉంది. డప్పు దరువునో, మంగళవాద్యం ముక్కనో వేవ్ ఫైలుగా రికార్డు చేసి ప్యాడ్‌కు కట్టుకోవచ్చు. ఎక్స్‌పాన్షన్ ప్యాకు బెడద లేకుండా సొంత శబ్దాన్ని వాడుకోవడానికి ఇది సులువైన దారి. అయితే ప్యాడ్ ఆ ఫైలు ఉన్న చోటును మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉండగా ప్యాడ్‌కు కట్టి, తరువాత ఆ పెన్‌డ్రైవ్ తీసేస్తే ప్యాడ్ మూగబోతుంది. ఫైలును ముందు యూజర్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచి కట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇక కరెంటు. ఎస్‌ఎక్స్700లో సెల్స్ వేసే అర లేదు. 16 వోల్టుల అడాప్టర్ మీద మాత్రమే నడుస్తుంది. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి స్థిరమైన వేదిక మీద వాయించడం ఒక రకం, గుంటూరు కొత్తపేటలో రోడ్డు పక్కన వేసిన వినాయక పందిరిలో వాయించడం ఇంకొక రకం. పందిరిలో లైను పోయి జనరేటర్ అందుకునే లోపు కొన్ని సెకన్ల ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో కీబోర్డు ఆగి, మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. సేవ్ చేసినవన్నీ భద్రంగా ఉంటాయి. రికార్డు చేస్తూ ఉన్న పాట, సేవ్ చేయని స్టైల్ మార్పులు మాత్రం పోతాయి.

దీనికంటే పెద్ద ప్రమాదం మెమరీలోకి రాస్తున్న సమయంలో ఉంటుంది. ఫ్లాష్ మెమరీ నిలవ ఉండటానికి కరెంటు అవసరం లేదు కానీ, రాయడానికి అవసరం. పాత సమాచారాన్ని పెద్ద పెద్ద గళ్లుగా చెరిపి, తరువాత కొత్తది రాయడం దాని పద్ధతి. చెరపడం పూర్తయి, రాయడం సగంలో ఉండగా కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. పెద్ద ప్యాకు ఎక్కించడానికీ, బ్యాకప్ తీసుకోవడానికీ కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాలే మొత్తం మెమరీకి గండం. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు వచ్చిపోయే వేళల్లో, గాలివాన మొదలైన సాయంత్రాల్లో ప్యాకులు ఎక్కించే పని పెట్టుకోకూడదు.

అందువల్ల ఈ కీబోర్డు కొనేవారు ఒక యూపీఎస్ ఖర్చును కూడా అందులోనే కలిపి లెక్కించాలి. దీని అడాప్టర్ ఇచ్చేది 16 వోల్టులు, 2.4 ఆంపియర్లు, అంటే గరిష్ఠంగా 40 వాట్ల లోపే. కంప్యూటర్‌కు పెట్టే 600 వీఏ యూపీఎస్ దీన్ని తేలికగా మోస్తుంది. వైఫై రూటర్ల కోసం అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దీనికి పనికిరావు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారు దాని వెనక ఉండే స్విచ్చును యూపీఎస్ మోడ్‌లో పెట్టుకుంటే, కరెంటు మారేటప్పుడు వచ్చే ఖాళీ చాలా తగ్గుతుంది. మామూలు మోడ్‌లో ఫ్యానుకూ లైటుకూ తేడా తెలియకపోవచ్చు, కీబోర్డు మాత్రం ఆగిపోయే అవకాశం ఉంది. కొన్న రోజునే, ఏమీ రికార్డు చేయని సమయంలో, మెయిన్ ఆపి ఒకసారి చూసుకోవడం మంచిది.

కరెంటు లేని చోట వాయించవలసినవారు, అంటే ఊరేగింపుల్లో, పల్లెల్లో ఇంటింటి భజనల్లో వాయించేవారు, సెల్స్‌తో నడిచే కీబోర్డు వైపే చూడాలి. యమహా పీఎస్‌ఆర్-ఇ473 ఆరు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. పైగా ఎస్‌ఎక్స్700లో లేని సదుపాయం ఒకటి అందులో ఉంది. మైకులో పలికినదాన్ని అక్కడికక్కడే శాంపిల్‌గా తీసుకుని ప్యాడ్‌లకు కట్టుకోవచ్చు. ఒక్కొక్కటి సుమారు 9.6 సెకన్ల దాకా, నాలుగు శాంపిల్స్. తక్కువ ధర కీబోర్డులో ఉన్న ఈ సులువు పైస్థాయి కీబోర్డులో లేకపోవడం నాకు అర్థం కాని విషయం. ఇందులో రీచార్జబుల్ సెల్స్ వేసేవారు మెనూలో సెల్ రకాన్ని కూడా మార్చాలి. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీచార్జబుల్ నికెల్ సెల్ 1.2 వోల్టులు కాబట్టి, ఆరు కలిస్తే 9 వోల్టులకూ 7.2 వోల్టులకూ తేడా ఉంది. రకం మార్చకపోతే మిగిలిన చార్జును కీబోర్డు సరిగా అంచనా వేయలేదు.

సెల్స్ వేసి ఉంచితే కరెంటు పోయినప్పుడు అవే ఆదుకుంటాయని చాలామంది నమ్ముతారు, కొన్ని దుకాణాల్లో అలాగే చెబుతారు కూడా. చాలా కీబోర్డుల్లో అడాప్టర్ పిన్ను గుచ్చగానే లోపలి సాకెట్టు సెల్స్ దారిని తెంచేస్తుంది. పిన్ను అలాగే ఉండి గోడ దగ్గర కరెంటు పోతే, సెల్స్ నిండుగా ఉన్నా కీబోర్డు ఆగిపోతుంది. సెల్స్ ఉన్న కీబోర్డుకు ఆన్‌లో ఉండగా అడాప్టర్ పెట్టడం, తీయడం చేయవద్దని, అలా చేస్తే పవర్ ఆగి, రాస్తున్న సమాచారం పోతుందని యమహా మాన్యువల్‌లలో హెచ్చరిక కూడా ఉంటుంది. కొనేముందు దుకాణంలోనే సెల్స్ వేయించి, అడాప్టర్ తగిలించి, వాయిస్తూ ఉండగా గోడ స్విచ్చు ఆపమని అడగండి. ఏలూరు రోడ్డులో ఒక దుకాణంలో నేను ఇలా అడిగినప్పుడు అక్కడి కుర్రవాడు, “ఇలా ఎవరూ అడగలేదు సార్, మేము కూడా చూస్తాం” అని ఉత్సాహంగా సెల్స్ తెచ్చి వేశాడు. స్విచ్చు ఆపగానే కీబోర్డు ఆగిపోయింది. అతడు వెంటనే పిన్ను తీసి మళ్లీ ఆన్ చేస్తే సెల్స్ మీద మామూలుగా పలికింది. పెన్సిల్ సెల్స్ కరెంటు లేని చోట వాయించడానికే గానీ, యూపీఎస్‌కు బదులుగా పనిచేయవని ఆ దుకాణంలో అందరం కళ్లారా చూశాం.

ఆటో పవర్ ఆఫ్ కూడా చూసుకోవాలి. ఈ తరహా కీబోర్డులు కొంతసేపు ఎవరూ ముట్టుకోకపోతే తమంతట తాము ఆగిపోతాయి, సేవ్ చేయని మార్పులు దానితోనే పోతాయి. చర్చిలో ప్రసంగం అరగంట దాటితే, తరువాత పాటకు కూర్చునేసరికి కీబోర్డు ఆగి ఉంటుంది. మెనూలో దాన్ని నిలిపివేసుకోవడం ఒక్క నిమిషం పని.

కచేరీలే జీవనంగా ఉన్నవారికి, కంప్యూటర్ మీద కొంత పట్టు ఉన్నవారికి, యూపీఎస్ పెట్టుకోగలిగినవారికి ఎస్‌ఎక్స్700ను నేను నిస్సంకోచంగా సూచిస్తాను. పెద్ద శాంపిల్ ప్యాకులు వాడేవారు 1 జీబీ ఎక్స్‌పాన్షన్ మెమరీ ఉన్న ఎస్‌ఎక్స్900 చూడవచ్చు. మన మెళకువలకు తగ్గట్టు స్వయంగా శాంపిల్స్ కట్టుకునేవారికి ఆ అదనపు ఖర్చు అవసరం లేదు. బరువు తక్కువగా ఉండి, పెన్‌డ్రైవ్ నుంచి వేవ్ ఫైళ్లను తీసుకోగలిగేది కావాలనుకునే బ్యాండు కళాకారులు రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 వైపు మొగ్గుతారు. అయితే అందులో ఎస్‌ఎక్స్700లో ఉన్న స్థాయి స్టైల్స్, తోడు వాద్యాలు ఆశించకూడదు.

ఎస్‌ఎక్స్700 ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కూడా దొరుకుతోంది. అలా కొనేవారు మీటలు, స్క్రీన్, స్పీకర్లు చూసుకోవడంతో పాటు ఎక్స్‌పాన్షన్ పేజీ తెరిచి అందులో ఏ టోన్లు ఉన్నాయో అమ్మేవారి ఎదుటే మోగించి చూడాలి. వాటి ప్యాకు ఫైళ్లు, మూల శాంపిల్స్ ఉంటే పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోవాలి. డబ్బు పెట్టి కొన్న ప్యాకులు ఆ ఒక్క కీబోర్డు గుర్తింపుతో ముడిపడి ఉంటాయి కాబట్టి, వాటి లైసెన్సు వివరాలు కూడా అదే రోజు రాయించుకోవాలి. ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇస్తామని అమ్మేవారు అంటే, ఫైళ్లన్నీ చేతికి వచ్చేదాకా ఆ పని చేయవద్దని చెప్పండి.